ముందు చక్రం బేరింగ్ మోత: ఏ వైపుదో పట్టుకోవడం, చెడగొట్టకుండా మార్చడం

50, 60 కి.మీ. వేగం దాటగానే కారు లోపల తుమ్మెద రొద లాంటి మోత మొదలవుతుంది. వేగం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. పాటల సౌండ్ కాస్త పెంచితే వినపడదు కాబట్టి చాలామంది నెలల తరబడి అలాగే నడిపేస్తారు. రొద కాస్తా తిరగలి గరగరలా మారాక మెకానిక్ దగ్గరికి వెళ్తారు. అప్పటికి బేరింగ్‌తో పాటు హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) కూడా పాడై ఖర్చు రెట్టింపవుతుంది. ఇంకొందరికి ఇందుకు తిరగబడి జరుగుతుంది. మోత వచ్చిన వారానికే బేరింగ్ మార్పిస్తారు, మోత మాత్రం పోదు. ఎందుకంటే అది టైరుది, లేదా రెండో వైపు బేరింగ్‌ది.

ఇక్కడ చెప్పేది ముందు చక్రాలకు ఇంజన్ పవర్ వెళ్లే చిన్న కార్ల గురించి. 2005లో వచ్చిన మారుతి స్విఫ్ట్, 2007లో వచ్చిన హ్యుందాయ్ ఐ10 ఈ తరహావే. వీటిలో నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే లోహపు ముక్క) మధ్య ఉన్న గుండ్రటి బొక్కలో బేరింగ్‌ని ప్రెస్‌తో, అంటే నొక్కే యంత్రంతో దించుతారు. బేరింగ్ మధ్యలోకి హబ్, హబ్ మధ్యలోకి యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి పవర్ తెచ్చే కడ్డీ) వెళ్తాయి. బయటి నుంచి పెద్ద నట్టు బిగిస్తారు. బేరింగ్ లోపల రెండు వరుసల గోళీలుంటాయి. బయటి రింగు ఒకే ముక్క, లోపలి రింగు మాత్రం రెండు ముక్కలు. ఆ రెండు ముక్కల్నీ దగ్గరికి నొక్కి పట్టుకునేది యాక్సిల్ నట్టే. అందుకే ఆ నట్టు వదులైతే బేరింగ్ వదులైనట్టే. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

బొలెరో లాంటి, వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండ్ల ముందు చక్రాల్లో టేపర్ బేరింగులుంటాయి. వాటిని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, నట్టుతో ప్లే (వదులు) సర్దుకోవచ్చు. ఆ పద్ధతి వేరు. పైన చెప్పిన చిన్న కార్లది మూసేసి వచ్చే సీల్డ్ బేరింగ్. దానికి గ్రీజు పెట్టి బాగుచేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

మోత ఎక్కడిదో ముందు తేల్చుకోండి

ఖాళీగా ఉన్న, నున్నటి రోడ్డు చూసుకోండి. అద్దాలు ఎత్తి, ఏసీ, పాటలు ఆపి 60 నుంచి 70 కి.మీ. వేగానికి వెళ్లండి. మోత వస్తున్నప్పుడు క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌లో వేయండి. ఇంజన్ ఆపకండి, ఆపితే పవర్ స్టీరింగూ బ్రేకు సాయమూ పోతాయి. ఇంజన్ వేగం పడిపోయినా మోత అలాగే ఉంటే అది చక్రాల దగ్గరిదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా వినపడితే గేర్‌బాక్స్ వైపు చూడాలి.

తర్వాత అదే వేగంలో స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకీ కుడికీ ఊపండి. లేన్ మారుతున్నంత ఊపు చాలు. కారు ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. ఎడమకు తిప్పినప్పుడు మోత పెరిగి, కుడికి తిప్పినప్పుడు తగ్గితే అనుమానం కుడి బేరింగ్ మీద. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. ఇది పదిలో పదిసార్లూ నిలిచే సూత్రం కాదు. రెండు వరుసల్లో ఏ వరుస అరిగిందన్నదాన్ని బట్టి ఒక్కోసారి తిరగబడుతుంది. అందుకే ఒక్క ఈ పరీక్షతోనే బేరింగ్ కొనేయొద్దు.

బేరింగ్‌ని ఎక్కువగా పోలేది టైరు మోతే. తేడా ఏమిటంటే, సిమెంటు రోడ్డు మీద నుంచి తారు రోడ్డు మీదకి రాగానే టైరు మోత స్వరం మారుతుంది, బేరింగ్ మోత పెద్దగా మారదు. టైరు పట్టీల మీద అరచేత్తో ముందుకొకసారి, వెనక్కొకసారి రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపపు పళ్లలా తగిలితే ఆ టైరు రొద పెడుతుంది. అప్పటికీ తేలకపోతే ముందు టైర్లను వెనక్కి, వెనకవి ముందుకి మార్చి మళ్లీ నడపండి. మోత వెనక్కి పోయిందంటే అది టైరుదే, బేరింగ్ డబ్బులు మిగిలినట్టే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు టకటకమంటే అది యాక్సిల్ బయటి జాయింట్. బ్రేకు కాస్త ముట్టుకోగానే కీచుమనే శబ్దం ఆగిపోతే అది ప్యాడ్.

ఇక కారుని లేపి చూడాలి. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, జాకీతో లేపి స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద చేతులు పెట్టకండి. ఇటుకల మీదైతే అసలే వద్దు, బరువుకి అవి చెప్పకుండా పగులుతాయి.

గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేతి వేళ్లు చక్రం పైన ఉండే సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని గట్టిగా తిప్పండి. అరిగిన బేరింగ్ గరగర స్ప్రింగ్ గుండా వేళ్లకు తెలిసిపోతుంది. చెవికి అందనిది కూడా వేళ్లకు అందుతుంది. రెండో వైపు కూడా ఇలాగే చేసి పోల్చండి. అన్నిట్లోకీ ఎక్కువ నమ్మదగ్గ పరీక్ష ఇదే.

తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే వెంటనే బేరింగే అని రాసేసుకోకండి, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ (నకిల్‌ని కింది ఆర్మ్‌కి కలిపే కీలు) పోయినా ఇలాగే ఊగుతుంది. లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు పట్టినప్పుడు హబ్, నకిల్ ఒకటైపోతాయి. కాబట్టి ఊపు ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) చూడండి. డయల్ గేజ్ (సన్నటి కదలికని కొలిచే పరికరం) ఉన్నవాళ్లు హబ్ ముందుకీ వెనక్కీ ఎంత కదులుతుందో కొలవచ్చు. చాలా కార్లలో 0.05 నుంచి 0.1 మి.మీ.కి మించకూడదు. అంటే చేతికి స్పష్టంగా తెలిసేంత ప్లే ఉందంటే బేరింగ్ హద్దు దాటి చాలా రోజులైందన్నమాట.

ఒక్క ప్లే లేనంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు. ఈ తరహా బేరింగులు ముందు మోత పెడతాయి, చాలాకాలం తర్వాతే ఊగుతాయి. మోత దశలో మెల్లగా నడిపి షాపు దాకా తీసుకెళ్లొచ్చు. ఊగే దశలో నడపకండి. అప్పటికి డిస్క్ వంకరగా తిరుగుతూ ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది, మొదటిసారి బ్రేకు తొక్కినప్పుడు పెడల్ లోతుగా దిగిపోతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్‌కి, రింగుకి మధ్య సందు మారి లైటు కూడా వెలగొచ్చు.

ఎందుకు పోతుంది

మన దగ్గర మొదటి శత్రువు నీళ్లు. వానాకాలంలో చక్రం సగం మునిగే నీళ్లలో నడిపినప్పుడు, వేడెక్కిన బేరింగ్ చప్పున చల్లబడి సీలు సందుల్లోంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. లోపల గ్రీజు పాలలా తెల్లబడి పట్టు కోల్పోతుంది, గోళీల దారిలో తుప్పు చుక్కలు పడతాయి. మోత అప్పుడే రాదు, కొన్ని వారాల తర్వాత వస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్నుని హబ్ మీద దగ్గర నుంచి కొట్టినా ఇదే జరుగుతుంది. గుంటలో వేగంగా పడ్డ దెబ్బ రెండో కారణం. ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) చూడకుండా బయటకు పొడుచుకొచ్చే వెడల్పు అల్లాయ్‌లు వేయించడం మూడోది, దాంతో బరువు బేరింగ్ మధ్య గీతకు దూరంగా పడుతుంది. నాలుగోది ఎవరూ పట్టించుకోరు. కారుకి వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లిప్పు పని జరిగే చోటికి దూరంగా తగిలిస్తే కరెంటు బేరింగ్ గుండా వెళ్లి గోళీల మీద సన్నటి మచ్చలు పెడుతుంది.

వీటన్నిటికన్నా త్వరగా బేరింగ్‌ని చంపేది తప్పుగా దించడం. దాని గురించి కింద విడిగా చెప్పాలి.

ఏం కొనాలి

కొత్త బేరింగ్, కొత్త సర్‌క్లిప్ (బేరింగ్ జారకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు), కొత్త యాక్సిల్ నట్టు. టై రాడ్ ఎండ్‌కి స్ప్లిట్ పిన్ ఉంటే అదీ కొత్తదే. పాత నట్టుని మళ్లీ వాడొద్దు, దాని అంచు ఒకసారి వంగిపోయింది. హబ్ విషయం విప్పాకే తేలుతుంది. బేరింగ్ కూర్చునే చోట గీతలు, నీలి మచ్చలు కనిపిస్తే హబ్ కూడా మార్చాలి.

బేరింగ్ మీద కొట్టిన నంబరు చదవడం నేర్చుకోండి, మోసం తగ్గుతుంది. ఉదాహరణకి డీఏసీ 38740036 అంటే లోపలి వ్యాసం 38 మి.మీ., బయటి వ్యాసం 74 మి.మీ., వెడల్పు 36 మి.మీ. పాతదాని కొలతలూ కొత్తదాని కొలతలూ కలవాలి. కానీ కొలతలు కలిసినంత మాత్రాన చాలదు. ఏబీఎస్ ఉన్న కార్లలో చాలావాటికి బేరింగ్ సీలులోనే అయస్కాంత రింగు ఉంటుంది. అది లేని బేరింగ్ వేస్తే చక్రం తిరుగుతుంది, ఏబీఎస్ పనిచేయదు. ఎస్‌కేఎఫ్, ఎఫ్ఏజీ, ఎన్‌టీఎన్, ఎన్‌బీసీ పేర్లతో నకిలీలు కూడా వస్తుంటాయి. డబ్బా మీద అచ్చు మసకగా ఉన్నా, బేరింగ్ మీద నంబరు లేకపోయినా, ధర మరీ సగానికి సగం ఉన్నా వదిలేయండి.

రెండు వైపులా ఒకేసారి మార్చాలా? అక్కర్లేదు. షాక్ అబ్జార్బర్లలా ఇవి జతగా మార్చాల్సినవి కావు. పోయినదాన్నే మార్చండి.

విప్పడం

చక్రం నేల మీద ఉండగానే, మధ్య మూత తీసి, యాక్సిల్ గాడిలోకి నొక్కి ఉన్న నట్టు అంచుని సన్న ఉలితో పూర్తిగా పైకి లేపండి. లేపకుండా తిప్పితే యాక్సిల్ మరలు పాడవుతాయి. కారుని బట్టి 30, 32 లేదా 36 సైజు సాకెట్ పడుతుంది. మంచి బ్రేకర్ బార్, దానికి రెండు మూడు అడుగుల పైపు తగిలించి, బ్రేకు తొక్కించి, నట్టుని కొద్దిగా మాత్రం వదులు చేయండి. చక్రం నట్లు కూడా అలాగే. ఇక్కడి నుంచి కారుని అంగుళం కూడా దొర్లించొద్దు.

లేపి, చక్రం తీయండి. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే భాగం) బ్రాకెట్‌ని నకిల్‌కి పట్టి ఉంచే రెండు బోల్టులు తీసి, కాలిపర్ మొత్తాన్ని తీగతో స్ప్రింగ్‌కి వేలాడదీయండి. బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకండి. డిస్క్ తుప్పుతో అంటుకుపోయి ఉంటే దానికున్న రెండు మరల బొక్కల్లో బోల్టులు సమానంగా బిగిస్తూ పోతే అదే బయటికొస్తుంది. సాధారణంగా ఆ బొక్కలకు 8 మి.మీ. బోల్టు పడుతుంది. ఏబీఎస్ సెన్సార్ తీసేటప్పుడు తొందర వద్దు. తుప్పు నూనె వేసి పావుగంట ఆగి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి. ప్లాస్టిక్ విరిగితే దాని ఖర్చు బేరింగ్‌కి తీసిపోదు.

టై రాడ్ ఎండ్‌కి పుల్లర్ వాడండి. లేకపోతే నట్టుని చివరి మరల దాకా వదిలి ఉంచి, నకిల్ చెవి పక్క మీద సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే టేపర్ వదులుతుంది. మరల మీద కొట్టొద్దు. లోయర్ బాల్ జాయింట్ బోల్టు పూర్తిగా తీసేసి, పొడుగాటి కడ్డీతో ఆర్మ్‌ని కిందికి నొక్కితే జాయింట్ ఊడుతుంది. స్ట్రట్‌కి (షాక్ అబ్జార్బర్ గొట్టానికి) ఉన్న రెండు పెద్ద బోల్టులు విప్పే ముందు వాటి తలల చుట్టూ పెయింటుతో గుర్తు పెట్టుకోండి, క్యాంబర్ (చక్రం నిలువు వంపు) అక్కడే ఉంటుంది.

యాక్సిల్ హబ్‌లోంచి రాకపోతే పాత నట్టుని చివర్లో సమంగా ఎక్కించి, దాని మీద ఇత్తడి ముక్క పెట్టి కొట్టండి. బయటికొచ్చిన యాక్సిల్‌ని అలా వేలాడనివ్వకుండా కట్టేయండి. బయటికి లాగితే లోపలి జాయింట్ జారిపోతుంది, లేదా గేర్ ఆయిల్ కారుతుంది.

ప్రెస్ దగ్గర

చేతిలో నకిల్, హబ్ ఒక ముద్దగా ఉంటాయి. ఇంట్లో సుత్తితో ఇక్కడి నుంచి ముందుకెళ్లకండి. ఆటోనగర్ ఉన్న ఊళ్లలో హైడ్రాలిక్ ప్రెస్ వెతుక్కోనక్కర్లేదు. చిన్న ఊళ్లలో ట్రాక్టర్ పనులు చేసే లేత్ షాపులో అడగండి. 10 టన్నులది సాధారణంగా సరిపోతుంది, తుప్పు బాగా పట్టినవాటికి 20 టన్నులది కావాలి. పనిచేసేది వాళ్లే అయినా దగ్గర నిలబడి చూడండి. ఎక్కడ ఆనించి, ఎక్కడ నొక్కుతున్నారన్న దాని మీదే కొత్త బేరింగ్ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది.

ముందు నకిల్‌ని ఆనించి హబ్‌ని బయటికి నొక్కుతారు. పాత బేరింగ్ లోపలి రింగులో ఒక ముక్క హబ్‌కే అతుక్కుని వస్తుంది, ఇది మామూలే. దాన్ని సెపరేటర్‌తో (రింగు వెనక పట్టుకుని లాగే పనిముట్టు) లాగాలి. అది లేకపోతే గ్రైండర్‌తో రింగుని దాదాపు చివరి దాకా కోసి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే పగిలిపోతుంది. హబ్‌ని మాత్రం బ్లేడు తాకకూడదు. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి, గట్టి ఉక్కు పగిలితే ముక్కలు దూరం ఎగురుతాయి.

సర్‌క్లిప్ తీసి పాత బేరింగ్‌ని నొక్కి బయటికి పంపాక, నకిల్ బొక్కని గుడ్డతో తుడిచి చూడండి. చుట్టూ మెరిసే పట్టీలు కనిపిస్తే పాత బేరింగ్ బయటి రింగు కూడా లోపల తిరిగిందన్నమాట. అలాంటి బొక్కలో కొత్త బేరింగ్ నిలవదు, నకిల్ మార్చాల్సిందే. రింగు మీద పంచ్‌తో చుక్కలు పొడిచి బిగిస్తామంటారు, ఒప్పుకోకండి. తుప్పు మాత్రమే ఉంటే సన్న ఎమరీతో తేలికగా రుద్ది, పలచగా నూనె రాస్తే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త బేరింగ్‌ని నకిల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. పాత బేరింగ్ బయటి రింగుని కాస్త అరగదీసి అచ్చుగా వాడితే సరిగ్గా సరిపోతుంది. నిటారుగా దిగాలి, గట్టు తగిలేదాకా దిగాలి. వంకరగా మొదలైతే ఆపి మళ్లీ పెట్టాలి. సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో స్క్రూడ్రైవర్ మొనతో చుట్టూ తడిమి చూడండి.

తర్వాత హబ్‌ని బేరింగ్‌లోకి దించాలి. ఇక్కడ చాలామంది నకిల్‌ని బల్ల మీద ఆనించి హబ్‌ని పై నుంచి నొక్కేస్తారు. అప్పుడు ప్రెస్ బలమంతా లోపలి రింగు నుంచి గోళీల మీదుగా బయటి రింగుకి పోతుంది. గోళీలు తమ దారిలో కంటికి ఆనని గుంటలు పెడతాయి. బేరింగ్ చేత్తో తిప్పితే బాగానే ఉంటుంది, కొన్ని వందల కి.మీ.లకే మోత మొదలవుతుంది. ‘కొత్త బేరింగ్ కూడా డూప్లికేట్’ అని షాపువాడిని తిట్టే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇదే. సరైన పద్ధతి ఒక్కటే: బేరింగ్ లోపలి రింగు వెనక వైపుని మాత్రమే తాకే గొట్టం ముక్కని కింద ఆనించి, పై నుంచి హబ్‌ని నొక్కాలి. నకిల్ గాలిలోనే ఉండాలి.

అయస్కాంత రింగు ఉన్న బేరింగ్ అయితే ఆ వైపు సెన్సార్ వైపే ఉండాలి. రెండు ముఖాలూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. పేపర్ క్లిప్ దగ్గర పెడితే ఒక వైపు మాత్రమే లాగుతుంది, అదే అయస్కాంతం వైపు. తిరగేసి దించితే ఏబీఎస్ లైటు ఆరదు, మళ్లీ తీయాలంటే బేరింగ్ పాడవుతుంది. ఆ ముఖాన్ని ఇనుప రజను ఉన్న బల్ల మీద పెట్టకండి.

గ్యాస్ మంటతో నకిల్‌ని కాల్చడం, బేరింగ్‌ని నేరుగా సుత్తితో కొట్టడం, ఈ రెండింటికీ ఒప్పుకోకండి.

మళ్లీ బిగించడం

విప్పిన వరుసకి వెనక నుంచి రండి. యాక్సిల్ పళ్లకి పలచగా గ్రీజు రాసి హబ్‌లోకి తోయండి. డిస్క్ పెట్టే ముందు హబ్ ముఖం మీద తుప్పుని వైరు బ్రష్‌తో తీయండి. అక్కడ చిన్న పొర మిగిలినా డిస్క్ వంకరగా కూర్చుని బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ అదురుతుంది.

చక్రం ఇంకా గాలిలో ఉండగానే, బ్రేకు తొక్కించి, కొత్త యాక్సిల్ నట్టుని టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి చూపే రెంచ్) బిగించండి. ఈ నట్టు టార్క్ కారుని బట్టి చాలా మారుతుంది, 180 న్యూటన్ మీటర్ల నుంచి 300 దాకా ఉండొచ్చు. మీ కారు సర్వీస్ మాన్యువల్ అంకె చూడకుండా అంచనాతో బిగించొద్దు. తక్కువైతే లోపలి రింగు ముక్కలు విడిపోయి బేరింగ్ ఊగుతుంది, ఎక్కువైతే వేడెక్కి గ్రీజు కాలుతుంది. ఇంపాక్ట్ గన్‌తో చివరి బిగింపు వద్దు. బిగించాక నట్టు అంచుని గాడిలోకి నొక్కండి. ఇది పూర్తయ్యాకే కారు బరువు చక్రం మీద పడాలి.

చక్రం నట్లు ఎదురెదురుగా బిగించండి. ఇలాంటి చిన్న కార్లకి ఎక్కువగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోండి. బయలుదేరే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. ప్యాడ్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడికి ఏమీ పట్టదు.

20 కి.మీ. నడిపి ఆగి, రెండు హబ్‌ల దగ్గరా వేడి పోల్చండి. బ్రేకు ఎక్కువ వాడకుండా ఆగాలి, లేకపోతే డిస్క్ వేడే తెలుస్తుంది. కొత్త వైపు మరీ కాలుతుంటే ప్యాడ్ పట్టేసిందో, నట్టు బిగువు ఎక్కువైందో చూడాలి. రేకు గీసుకున్న శబ్దం వస్తే డిస్క్ వెనక మట్టికి అడ్డుండే రేకు వంగి తగులుతోంది, వేళ్లతో వెనక్కి వంచితే పోతుంది. పాత మోతే అలాగే ఉంటే రెండో వైపు స్ప్రింగ్ మీద చేయి పెట్టి మళ్లీ తిప్పి చూడండి, ఆ తర్వాత వెనక చక్రాలవీ. స్ట్రట్ బోల్టులు విప్పారు కాబట్టి, పెయింటు గుర్తులు కలిసినా, ఆ వారంలోనే వీల్ అలైన్‌మెంట్ చేయించండి.